పాత కంప్యూటర్ల పరామర్శ

ప్రతి విద్యాసంవత్సరం ముగిసే వేళ కళాశాలలోని సామగ్రిని పట్టికతో సరిచూచే ఆచారమొకటి ఉన్నది. బల్లలు, బీరువాలు, ప్రయోగశాలలోని గాజు సామాను, గ్రంథాలయపు పుస్తకాలు, ఇవన్నీ లెక్కించి ఉన్నవి, లేనివి, పనికిరానివి అని మూడు గడులలో వ్రాయవలెను. 2025 ఏప్రిల్‌లో ఈ పనికై ఏర్పడిన ముగ్గురిలో మేమొకరము. తెలుగు ఉపన్యాసకునికి ఇందులో పనేమిటని ఎవరికైనా తోచవచ్చును. చేతివ్రాత పొందికగా ఉంటుందని మమ్ము ఎన్నుకొన్నట్లు తరువాత తెలిసినది.

కంప్యూటరు గదికి వచ్చేసరికి మూడవ గడి నిండిపోయినది. అక్కడ పదునాలుగు డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్నవి. 2010లో కొన్నవి ఎనిమిది, 2014లో కొన్నవి ఆరు. వాటికి ఎదురుగా మాకంటే ముందే ఎవరో పెన్సిలుతో "పాతవి, నెమ్మది" అని వ్రాసి ఉంచారు. తూకానికి అమ్మివేస్తే గది ఖాళీ అవుతుందని సంఘ సభ్యులలో ఒకరు సూచించారు. వారి మాట అన్యాయమైనదేమీ కాదు. విద్యార్థులు ఆ గదిలోనికి వెళ్లడం మానివేసి సంవత్సరం దాటినది. ఉపకారవేతనాల దరఖాస్తులు కూడా ఫోనులోనే నింపుతున్నారు. కాని ఫోనులో ఇరవై పుటల ప్రాజెక్టు నివేదిక వ్రాయడం ఎంత కష్టమో వ్రాసినవారికే తెలుస్తుంది. ఆ పనికి వారు బజారులోని నెట్ సెంటరుకు వెళ్లి గంటకింత అని చెల్లిస్తున్నారు. ఆ డబ్బు కొందరికి పొరుగూరి నుంచి వచ్చే బస్సు ఛార్జీతో సమానం.

తూకం వేసేముందు లోపల ఏమున్నదో చూడనివ్వండని అడిగాము. వేసవి సెలవులు ముగిసేవరకు గడువు ఇచ్చారు.

మూడవ కంప్యూటరును తెరచినప్పుడు విషయం మరింత బరువెక్కినది. అందులో మన వార్షిక సంచికల ముద్రణప్రతులు, 2010 నుంచి 2017 వరకు ఎనిమిది సంవత్సరాలవి, ఉర్దూ భాగం ఒకచోట, తెలుగు భాగం ఒకచోట భద్రంగా ఉన్నవి. ఆ సంచికల అచ్చుప్రతులు గ్రంథాలయంలో ఉండవలసినవే. అయితే పైకప్పు కారిన ఒక వర్షాకాలంలో 2011, 2012, 2013 సంచికల కట్టలు తడిసి ముద్దయినవి. మర్హూములైన మా ఉర్దూ శాఖ పూర్వాధ్యక్షులు ఈ పట్టణపు పాత కుతుబ్‌ఖానాను గురించి వ్రాసిన దీర్ఘవ్యాసం 2012 సంచికలోనిదే. ఆ కుతుబ్‌ఖానా ఇప్పుడు లేదు. వ్యాసకర్తయూ లేరు. వ్యాసం మాత్రం ధూళి పట్టిన ఆ డబ్బాలో ఉన్నది.

ఇక ఆ పెన్సిలు మాటను గురించి చెప్పవలెను. "పాతవి, నెమ్మది" అన్నప్పుడు ఆ రెండు మాటల నడుమ "కనుక" అనే మాట దాగి ఉన్నది. పాతబడినవి కనుక నెమ్మదించినవని భావం. ఇది నిజం కాదు. 2010లో సెకనుకు 280 కోట్ల స్పందనలతో నడిచిన ప్రాసెసరు నేడు కూడా అదే లెక్కన నడుస్తుంది. ఎద్దుకు వయస్సు మీరినట్లు సిలికాను ముక్కకు మీరదు. నెమ్మదించినదంటే వేడి కారణం కావచ్చును, హార్డ్ డిస్కు కారణం కావచ్చును, మనం దానిపై మోపిన బరువు కారణం కావచ్చును. వీటిలో ఏది కారణమో తెలియకుండా మొత్తం యంత్రాన్ని తీసిపారవేయడం, ఉత్తరం కమ్మి వంగినదని ఇల్లు కూల్చడం వంటిది.

ఇక్కడ చిన్న మాట. మనవారందరూ ఆ నిలువుటి పెట్టెను "సి.పి.యు." అంటారు. నిజమైన సి.పి.యు. లోపల ఫ్యాను క్రింద ఉండే, అగ్గిపెట్టెకంటె చిన్నదైన పలక మాత్రమే. పెట్టెలో తక్కినవి మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, పవర్ సప్లై. పేరులోనే అన్నిటినీ కలిపివేయడం వల్ల ఒకటి చెడితే అన్నీ చెడినట్లు భావించే అలవాటు వచ్చినదేమోనని మా అనుమానం.

మా పట్టణంలో టి.వి.లు, మిక్సీలు, కంప్యూటర్లు అన్నిటినీ బాగుచేసే మెకానిక్కు ఒకరున్నారు. మొదటి పెట్టె మూత విప్పించినది ఆయన చేతనే. లోనికి టార్చి వేసి చూచి, "దిల్ అచ్ఛా హై సాబ్, గర్దా భర్ గయా" అన్నారు. గుండె బాగానే ఉన్నది, దుమ్ము నిండిపోయినది అని. ఆ మాట అక్షరాలా నిజమైనది. ప్రాసెసరుపై నుండే అల్యూమినియం రేకుల నడుమ దుమ్ము దూదిపరుపు వలె పేరుకొన్నది. ఒకదానిలో బల్లి గ్రుడ్ల పెంకులు, మరొకదానిలో చీమల పుట్ట. గాలి ఆడకపోతే ప్రాసెసరు వేడెక్కుతుంది. వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకు వేగం తగ్గించుకొంటుంది. మరీ వేడెక్కితే ఆగిపోతుంది. ఇది దాని లోపం కాదు, దాని వివేకం.

శుభ్రం చేయు విధానం తెలిసినంతవరకు చెబుతాము, ఇంటిలో పాత కంప్యూటరు ఉన్న విద్యార్థులకు పనికివస్తుంది. ముందుగా కరెంటు తీగ పూర్తిగా ఊడదీయవలెను. స్విచ్చి ఆపితే చాలదు. తీగ తీసిన తరువాత ముందరి బటన్‌ను పదిసెకన్లు నొక్కి ఉంచితే మిగిలిన విద్యుత్తు వెళ్లిపోతుంది. మెత్తని కుంచెతోను, బ్లోయరుతోను దుమ్ము తొలగించవలెను. బ్లోయరు పట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో ఆపి ఉంచుట మరువరాదు. లేనిచో అవి విపరీతమైన వేగంతో తిరిగి పాడగును. తడిగుడ్డ వాడరాదు. ప్రాసెసరుకు, దానిపై రేకుల దిమ్మెకు నడుమ వేడిని చేరవేసే బూడిదరంగు లేపనం ఒకటి ఉంటుంది. పది పదిహేనేండ్లకు అది ఎండి సున్నపు పెచ్చు వలె రాలుతుంది. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెడితే చాలును. ఎక్కువ పెడితే మేలు ఎక్కువ జరుగునని అనుకొనరాదు. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. కరెంటు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

రెండు కంప్యూటర్లు బటన్ నొక్కగానే బీప్ బీప్‌మని కూసి, తెరపై ఏమీ చూపక ఊరకుండేవి. వాటిని చచ్చినవాటి లెక్కలో వ్రాసి ఉన్నారు. ర్యామ్ పలకలను ఊడదీసి, వాటి అంచునున్న బంగారు రంగు పళ్లను పెన్సిలు తుడిచే రబ్బరుతో రుద్ది తిరిగి బిగించగా రెండూ లేచి కూర్చున్నవి. తేమ వల్ల ఆ పళ్లపై సన్నని మలిన పొర ఏర్పడుతుంది, అంతే.

గడియారపు సంగతి ఇంకా వింతైనది. 2010 నాటి కంప్యూటర్లలో ఇంటర్నెట్టు రాదని విద్యార్థుల ఫిర్యాదు. తీగ బాగానే ఉన్నది, ఫోనులో అదే లైనుపై వస్తున్నది. చూడగా ఆ కంప్యూటర్లన్నీ తాము 2010 జనవరి 1లో ఉన్నామని భావిస్తున్నవి. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లను పోలిన సి.ఆర్.2032 అనే 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేని వేళ గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కంప్యూటరు తేదీ మరచిపోతుంది. నేటి వెబ్‌సైట్లు తమ భద్రతకై ధ్రువపత్రాలు చూపుతవి. వాటికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుబడి ఉంటుంది. 2010లో ఉన్నానని నమ్మే కంప్యూటరుకు 2025 నాటి ధ్రువపత్రం ఇంకా పుట్టనిది. కనుక తలుపు తీయదు. ఒక్కొక్కటి యాభై రూపాయలకు మించని బ్యాటరీలతో "ఇంటర్నెట్టు" బాగుపడినది.

అసలైన ఆలస్యం హార్డ్ డిస్కులో ఉన్నది. ఈ విషయం కొంత వివరంగా చెప్పడం మంచిది. పాత హార్డ్ డిస్కు గ్రామఫోను వంటి యంత్రం. పళ్లెం నిమిషానికి 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు వేయింట ఎనిమిది సెకన్లకు పైగా పడుతుంది. కావలసిన ముక్క సూది క్రిందికి వచ్చేసరికి సగటున అర చుట్టు, సూది తన చోటు మారుటకు మరికొంత. లెక్కవేస్తే సెకనుకు డెబ్బది ఎనభై చోట్లకు మించి అది వెళ్లలేదు. నేటి సాఫ్ట్‌వేరు తెరచుకొనేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను అడుగుతుంది. ఒకే అటెండరు ఉన్న గ్రంథాలయంలో వేయిమంది ఒక్కసారి పుస్తకాలు అడిగినట్లు ఉంటుంది ఆ దృశ్యం. అటెండరు పరుగెత్తుతూనే ఉంటాడు, మనం నెమ్మది అంటాము. ఎస్.ఎస్.డి. అనే డిస్కులో తిరిగే భాగమే లేదు. పాత డిస్కు ఒక చోటికి పోయి వచ్చే వ్యవధిలో అది వంద చోట్లకు పోయి రాగలదు. పాత కంప్యూటర్లలోని సాటా తీగకే దానిని తగిలించవచ్చును. మేము చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఖర్చు దీనికే అయినది, ఎక్కువ ఫలమూ దీనికే వచ్చినది. అంతకుముందు తెర వెలిగి పని మొదలయ్యేసరికి ఒక పద్యం ప్రతిపదార్థంతో సహా చెప్పవచ్చును. ఇప్పుడు పద్యం ఎత్తుకొనే వ్యవధి కూడా లేదు.

డిస్కు మార్చేముందు పాతదాని ఆరోగ్యం చూడవలెను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాధనం డిస్కు తనను గురించి తాను వ్రాసుకొన్న దినచర్యను చదివి చెబుతుంది. ఎన్ని గంటలు నడిచినది, ఎంత వేడెక్కినది, చెడిన గడులను ఎన్నిటిని వదలి మారుగడులను వాడుకొన్నది అనేవి అందులో ఉంటవి. ఈ చివరి అంకె పెరుగుతూ పోతున్నదంటే డిస్కు సెలవు అడుగుతున్నదని గ్రహించవలెను. సంచికలున్న డిస్కులో ఆ అంకె అప్పటికే పెరుగుతున్నది. అందువల్ల తక్కిన పనులన్నీ ఆపి, ముందుగా దానిలోనివన్నీ రెండు వేరు వేరు డిస్కులకు ఎత్తించాము. ఒకటి గ్రంథాలయంలో, ఒకటి కార్యాలయపు ఇనుప బీరువాలో ఉన్నది. ఒకే గదిలో రెండు ప్రతులు ఉంచితే ఒకే ప్రతి ఉన్నట్లే. పైకప్పు కారిన అనుభవం మనకున్నది కదా.

ర్యామ్ సంగతి వేరు. 2 జి.బి. ఉన్న కంప్యూటరులో నేటి బ్రౌజరు ఒక్కటే దానినంతా మింగివేయగలదు. 2010 నాటివాటికి డి.డి.ఆర్.2 పలకలు, 2014 నాటివాటికి డి.డి.ఆర్.3 పలకలు కావలె. ఒకదానిలో ఒకటి పట్టవు, గాటు వేరే చోట ఉంటుంది. కొత్తవి మా ఊరిలో దొరకలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో పాతవి దొరుకునని చెప్పగా ఒక ఆదివారం తప్ప మరొక రోజు చూచుకొని వెళ్లి తెచ్చాము. తెచ్చిన తరువాత మరొక విషయం బయటపడినది. 64 బిట్ల ప్రాసెసర్లున్న ఆ కంప్యూటర్లలో అమ్మినవారు 32 బిట్ల విండోస్ ఎక్కించి ఉన్నారు. 32 బిట్లతో లెక్కింపదగిన గడులు 429 కోట్ల చిల్లర, అనగా 4 జి.బి. అంతకు పైబడిన ర్యామ్ ఉన్నను అది చూడలేదు. పదిహేనేండ్లు ఆ యంత్రాలు సగం చూపుతో పనిచేసినవన్నమాట.

ఇక మనం మోపిన బరువు. ప్రతి సాఫ్ట్‌వేరు ఎక్కించగానే, కంప్యూటరు మేల్కొన్నప్పుడే తానూ మేల్కొనవలెనని పేరు నమోదు చేసుకొంటుంది. ఆటోరన్స్ అనే ఉచిత సాధనం ఆ పేర్ల జాబితానంతా చూపుతుంది. ఒక కంప్యూటరులో, కళాశాలలో ఎన్నడూ లేని ప్రింటరుకు సంబంధించిన సేవకుడొకడు ప్రతి ఉదయం లేచి కూర్చుంటున్నాడు. విన్‌డిర్‌స్టాట్ అనేది డిస్కులో ఏ ఫైలు ఎంత చోటు ఆక్రమించినదో రంగుల గడులలో చూపుతుంది. ఈ రెండూ చాలును. "మీ కంప్యూటరును ఒక్క నొక్కుతో శుభ్రం చేస్తాము, పది రెట్లు వేగం చేస్తాము" అని తెరపై పిలిచే సాధనాలను మేము దగ్గరకు రానివ్వలేదు. రానివ్వవద్దని విద్యార్థులకు గట్టిగా చెబుతాము. మంచి పేరున్నవి కూడా ఒక్కొక్కప్పుడు ప్రమాదకరమగును. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధమైన శుభ్రపరచు సాధనపు ఒక కూర్పులో దుండగులు దొంగ సంకేతాలను చొప్పించగా, ఆగస్టు నుంచి సెప్టెంబరు వరకు ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు అది చేరినది. ఏ సాధనమైనను దానిని తయారుచేసినవారి స్వంత పుట నుంచే దించుకొనవలెను. వెతుకగానే మొట్టమొదట కనబడే పచ్చని "డౌన్‌లోడ్" బటన్ చాలా తరచుగా ప్రకటన మాత్రమే.

"ఉచిత" అనే మాట ఇన్నిసార్లు వాడినందున భాషోపాధ్యాయులముగా ఒక్క క్షణం ఆగకతప్పదు. సంస్కృతంలో ఉచితమనగా తగినది. తెలుగులో వెల లేనిదనే అర్థం కూడా వచ్చినది. ఆంగ్లంలో "ఫ్రీ" అనే మాటకు వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థాలుండుట వల్ల అక్కడ పెద్ద వివాదమే జరిగినది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించినప్పటి నుంచి, మేము కోరేది వెల లేకపోవుట కాదు, స్వేచ్ఛ అని ఆ ఉద్యమం వారు వివరించుకొంటూనే ఉన్నారు. మా ఉర్దూ శాఖవారికి ఈ వివరణ అక్కరలేదు. వారి భాషలో ఒకటి ముఫ్త్, మరొకటి ఆజాద్. పైన చెప్పిన ఆటోరన్స్ ముఫ్త్ మాత్రమే. దాని లోపలి వ్రాత మనకు చూపరు, మార్చనివ్వరు. విన్‌డిర్‌స్టాట్, ఫైళ్లను మూటకట్టే సెవెన్‌జిప్, లేఖలు వ్రాసే లిబ్రెఆఫీసు, చలనచిత్రాలు చూపే వి.ఎల్.సి. ఆజాద్ కూడా. వి.ఎల్.సి. 1996లో పారిస్ నగరపు ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైనది. చిత్రాలు దిద్దే గింప్‌ను ఆరంభించినవారు బర్క్‌లీలోని ఇద్దరు విద్యార్థులు. ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును వెలువరించినప్పుడు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్నాడు. మన విద్యార్థులు దీనిని గమనించవలెనని ఇక్కడ వ్రాశాము.

లినక్సు వైపు మేము పోయినది అభిరుచి వల్ల కాదు, అవసరం వల్ల. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ముగిసినవి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సవరణలు ముగిసినవి. విండోస్ 11 ఎక్కించుదమన్నచో దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ వారివైతే ఎనిమిదవ తరం లేక ఆ తరువాతి ప్రాసెసరు కావలెనని నియమం. మా 2014 నాటివి నాలుగవ తరానివి. యంత్రం బాగున్నది, కాని దానికి కాపలా ఉండేవారు వెళ్లిపోయినారు. లోకంలో ఇటువంటి కంప్యూటర్లు ఎన్నో చెత్తకు పోవుచున్నవి.

లినక్సు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపమున్నది. కనీసం 2 జి.బి. ర్యామ్, హాయిగా ఉండుటకు 4 జి.బి., డిస్కులో 20 జి.బి. చోటు ఉంటే చాలునని దాని తయారీదారులే చెబుతారు. దీనిలోని గొప్ప సౌకర్యమేమనగా, ఎక్కించకముందే పెన్ డ్రైవు నుంచి నడిపి చూడవచ్చును. రూఫస్ అనే చిన్న సాధనంతో పెన్ డ్రైవును సిద్ధం చేసి, దాని నుంచి కంప్యూటరును మేల్కొలిపి, శబ్దం వచ్చుచున్నదా, ఇంటర్నెట్టు అందుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా అని చూచుకొని, నచ్చకపోతే పెన్ డ్రైవు పీకి వేయవచ్చును. డిస్కులో ఒక అక్షరం కూడా మారదు. పెండ్లికి ముందు ఇంత చక్కని పరిచయానికి అవకాశమిచ్చే సాంప్రదాయం మరెక్కడా మేము చూడలేదు.

అన్నీ సుఖాంతమైనవని చెప్పము. ఒక పాత ప్రింటరు లినక్సుతో ఇప్పటికీ మాటలాడుట లేదు. లెక్కల విభాగంవారి కంప్యూటరును మేము తాకలేదు, వారి సాఫ్ట్‌వేరు విండోస్ పైననే నడుస్తుంది. మొదటి వారం విద్యార్థులు "సార్, స్టార్ట్ బటన్ ఎక్కడ పోయింది సార్?" అని అడుగని రోజు లేదు. బి.కాం. రెండవ సంవత్సరం అమ్మాయి ఒకతె ఎవరూ చెప్పకుండానే దిగువ పట్టీని పైకి జరిపి, చిహ్నాలు పెద్దవి చేసి, నేపథ్యంలో తన చిత్రలేఖనాన్ని పెట్టుకొన్నది. మరునాటికి ఎనిమిది కంప్యూటర్లకు ఎనిమిది ముఖాలు వచ్చినవి. తెర అందం కొరకు ఇంత సమయమా అని మా సహోపాధ్యాయులొకరు విసుగుకొన్నారు. మేము అడ్డు చెప్పలేదు. తన చేతితో అమర్చుకొన్న బల్లపై దుమ్ము తుడుచుకొనే ఓపిక దానంతటదే వస్తుంది. ఆ గదిలో కుంచె, రబ్బరు ఇప్పుడు విద్యార్థుల వద్దనే ఉన్నవి. అటెండరు చాచాకు తలుపు తీసి మూయడమే పని. మెషీన్లు ఆపకుండా ఎవరైనా వెళ్లితే మాత్రం ఆయన బయటి గేటు దాకా వెంబడించి వెనుకకు తెస్తున్నారు.

కరెంటు గురించి ఒక మాట. యు.పి.ఎస్. లోపలి 12 వోల్టుల బ్యాటరీ మూడు నాలుగేండ్లకు మించి నిలువదు. బ్యాటరీ చచ్చిన యు.పి.ఎస్. కంటె మంచి స్పైక్ గార్డు మేలు. ఉరుములు మెరుపుల వేళ తీగలన్నీ పీకివేయడం అన్నిటికంటె మేలు.

పదునాలుగింటిలో తొమ్మిది నిలిచినవి. ఐదు నిలువలేదు. వాటి మదర్‌బోర్డులపై కెపాసిటర్లు మూతులు ఉబ్బి, గోధుమరంగు ద్రవం కార్చినవి. వాటిని మార్చే ఖర్చు, తరువాత కూడా ఎన్నాళ్లు నిలుచునో తెలియని స్థితి చూచి వదలుకొన్నాము. వాటి ర్యామ్, ఫ్యానులు, తీగలు, మరలు పేర్లు వ్రాసిన డబ్బాలలో ఉన్నవి. మర పోయినప్పుడు మర విలువ తెలుస్తుంది. తక్కిన ఎముకల గూళ్లను వీధిలో తిరిగే పాత సామాను బండికి ఇవ్వరాదని సంఘమువారిని కోరాము. 2022లో లోకమంతట పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6200 కోట్ల కిలోలని, అందులో సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి ఇరవైరెండు పాళ్లేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక 2024లో తెలిపినది. రాగి కొరకు తీగలను తగులబెట్టే పొగ పీల్చేది ఎవరి పిల్లలో మనమెరుగనిది కాదు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం ఇటువంటివాటిని శుద్ధిచేయుటకు నమోదు పొందిన సంస్థలు ఉన్నవి.

డిస్కులు ఇచ్చేముందు వాటిని తుడిచివేయవలెను. ఫైలును డిలీట్ చేయడం పుస్తకంలో విషయసూచిక చింపడం వంటిదే, పుటలు ఉండనే ఉంటవి. ఆ పాత డిస్కులలో విద్యార్థుల ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకాల ఫోటోలు, ఆదాయ ధ్రువపత్రాలు వందలకొద్దీ ఉన్నవి. ఎన్‌వైప్ అనే స్వేచ్ఛా సాధనం తిరిగే డిస్కుపై మొదటి గడి నుంచి చివరి గడి వరకు సున్నాలు వ్రాస్తుంది. ఒక్కొక్క డిస్కుకు కొన్ని గంటలు పట్టినది. రాత్రులు నడిపించాము. తూకానికి అమ్మి ఉంటే ఆ కాగితాలన్నీ ఎవరి చేతికి పోయేవో ఊహింపనక్కరలేదు.

ఇప్పుడు సంచికల సంగతికి వస్తాము. తొమ్మిదింటిలో ఒకదానిని విండోస్ 7తోనే ఉంచి, ఇంటర్నెట్టు తీగ తీసివేశాము. లోకంతో సంబంధం లేకుండా అది ఒంటరిగా పాత ఫైళ్లను తెరచుటకు మాత్రమే ఉన్నది. ఎందుకనగా మన తెలుగు భాగాన్ని అను లిపులలో, పేజ్‌మేకరులో కూర్చారు. పేజ్‌మేకరు చివరి ప్రధాన కూర్పు 2001 నాటిది. అను లిపులలో తెలుగు అక్షరాలు నిజానికి ఆంగ్లాక్షరాల స్థానాలలో కూర్చుని ఉంటవి. ఆ లిపి లేని కంప్యూటరులో తెరిస్తే ఆంగ్లాక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా కనబడుతవి. యూనికోడు 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు స్వంత స్థానమిచ్చినది గాని, మన ముద్రణాలయాలు అటు రావడానికి చాలా కాలం పట్టినది. ఉర్దూ భాగం ఇన్‌పేజ్ పాత కూర్పులోనిది. నస్తాలీఖ్ లిపిని కంప్యూటరుకు ఎక్కించుట తెలుగుకంటె కష్టమైన పని. 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ కొరకు మీర్జా అహ్మద్ జమీల్ సుమారు ఇరవై వేల అక్షర సంయోగాలను చేతితో వ్రాశారు. అంత శ్రమతో వచ్చిన అందం గనుకనే దానిని వదలి యూనికోడుకు రావడానికి ఉర్దూవారికి మనసొప్పలేదు. ఇప్పుడు నోటో నస్తాలీఖ్ వంటి స్వేచ్ఛా లిపులు ఉన్నవి.

రెండు రకాల ఫైళ్లనూ యూనికోడుకు మార్చే ఉచిత సాధనాలున్నవి. కాని అవి మార్చినదానిని అట్లే నమ్మరాదు. తెలుగులో వత్తులు ఒక అక్షరం ముందుకో వెనుకకో జరుగుతవి, సున్నలు మాయమవుతవి. ఉర్దూలో మాటల నడుమ ఎడం పోయి రెండు మాటలు ఒకటవుతవి. మనిషి కన్ను తప్పదు. తెలుగు పుటలను ముగ్గురు విద్యార్థులు, ఉర్దూ పుటలను ఇద్దరు విద్యార్థినులు సాయంత్రం తరగతుల తరువాత సరిచూస్తున్నారు. తెలుగువారు 2014 సంచిక ముగించారు. ఉర్దూవారు 2012 వద్ద ఉన్నారు. కుతుబ్‌ఖానా వ్యాసం మొత్తం పదునాలుగు పుటలు. ఎనిమిది పూర్తియైనవి. తొమ్మిదవ పుటలో ఆ భవనపు ద్వారంపై ఉండిన ఫార్సీ శాసనాన్ని వ్యాసకర్త ఎత్తి వ్రాశారు. మార్పిడిలో అందులోని మూడు మాటలు చెదరినవి. ఫార్సీ తెలిసినవారు గాని, ఆ ద్వారాన్ని చూచిన పెద్దలు గాని మీ ఇండ్లలో ఉన్నచో ఉర్దూ శాఖలో తెలుపగలరు. 2012 సంచిక అచ్చుప్రతి ఎవరి వద్దనైనా ఉన్నను సరే, ఒక్క పూట కొరకు ఇస్తే చాలును.